బావగారి మంకీ క్యాప్

ఈ చలికాలం బోస్టనులోని మా ఇంటికి వచ్చిన బావగారికి, గుంటూరు దగ్గరి ఒక స్థలం రిజిస్ట్రేషను కోసం నా చేత పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకోవలసిన పని ఉంది. దాని మీద నోటరీ ముద్ర కావాలి. ఖాతాదారులకు ఆ ముద్ర మా బ్యాంకులో ఉచితంగా వేస్తారని ఎవరో చెప్పగా నిన్న ఉదయం ఇద్దరమూ బయలుదేరాము. ముందురోజు రాత్రి మేము ‘ది టౌన్’ చూడకుండా ఉంటే ఈ వ్యాసానికి అవసరమే ఉండేది కాదు.

2010లో వచ్చిన ఆ సినిమాకు బెన్ ఆఫ్లెక్ దర్శకుడు, కథానాయకుడు కూడా ఆయనే. చక్ హోగన్ నవల ఆధారంగా తీసిన ఈ కథలో, మా ఊళ్లోనే ఉన్న చార్లెస్‌టౌన్ పేటకు చెందిన నలుగురు స్నేహితులు బ్యాంకులను దోచుకుంటూ ఉంటారు. బావగారికి దోపిడీల మీద కంటే దర్శకత్వం మీద ఆసక్తి ఎక్కువ. “ప్రాణస్నేహితుణ్ణి పోలీసుల కాల్పుల్లో చంపించి, తాను మాత్రం క్షేమంగా ఫ్లోరిడా చేరుకున్నాడు చూశావా? దర్శకత్వం చేతిలో ఉంటే అంతేనయ్యా. అదే మా రామారావుగారు ‘దానవీరశూరకర్ణ’లో మూడు వేషాలు వేసి, దర్శకత్వమూ తానే చేసి, అందులో రెండు వేషాలను మొహమాటం లేకుండా చంపేశారు” అని తీర్పు చెప్పి పడుకున్నారు. స్నేహితుడి పాత్ర వేసిన జెరెమీ రెన్నర్‌కు ఆస్కార్ నామినేషను దక్కిందని నేను చెప్పే సమయానికి గురక మొదలైంది.

దారిలో మా ఆవిడ తెమ్మన్న బ్లీచు డబ్బా కొన్నాము. అతిథి అయినంత మాత్రాన చేతులూపుకుంటూ నడవడం మర్యాద కాదని దాన్ని బావగారే పట్టుకున్నారు. కారులో పెడదామంటే వినలేదు. ఆ పట్టుదలే మా కొంప ముంచింది.

బ్యాంకు తలుపు తీసుకుని ముందుగా ఆయన లోపలికి వెళ్లారు. ఆయన తలకు ఉన్నది గుంటూరులో కొన్న కాఫీపొడి రంగు మంకీ క్యాప్. మన ప్రాంతంలో డిసెంబరు నెలలో తెల్లవారుజామున పాలప్యాకెట్ల కోసం వచ్చే పెద్దమనుషులందరికీ అది ఏకరూప దుస్తులు కనుక, దాని లోపల ఉన్న మనిషి రిటైరైన హెడ్మాస్టరే అయి ఉంటాడని మనకు చెప్పకుండానే తెలుస్తుంది. అమెరికాలో తెలియదు. ఇక్కడ ఆ ఆకారంలోని టోపీకి మంచుకొండల మీద ఒక ఉపయోగం, బ్యాంకుల్లో ఇంకొక ఉపయోగం మాత్రమే ఉన్నాయి. టోపీ కింద మిగిలిన కాస్త జాగాలో, శుక్లాల ఆపరేషను తరువాత డాక్టరుగారు తప్పక పెట్టుకోమన్న నల్ల కళ్లద్దాలు ఉన్నాయి. టోపీలూ నల్ల కళ్లద్దాలూ తీసి లోపలికి రావలసిందని తలుపు మీద నోటీసు ఉన్నమాట నిజమే కానీ, ఆ కళ్లద్దాలతో ఆయనకు తలుపు కనబడడమే గొప్ప.

కౌంటరులోని అమ్మాయి మొదట టోపీని, తరువాత కళ్లద్దాలను, ఆ తరువాత బ్లీచు డబ్బాను చూసింది. సినిమా మొదట్లోనే దొంగలు తమ ఆనవాళ్లు దొరకకుండా బ్యాంకంతా బ్లీచు పోసి వెళతారు. ఆ అమ్మాయి ఆ సినిమా చూసిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. చేతులు ఖాళీ చేసుకుందామని బావగారు డబ్బాను కౌంటరు మీద పెట్టారు. తమ ఇంగ్లీషు ఉచ్చారణ ఇక్కడివారికి అర్థం కావడం లేదన్న బాధతో ఇంట్లోనే రాసి తెచ్చుకున్న చీటీని నాలుగు మడతలతో, నోరు విప్పకుండా, అద్దం కింది సందులో నుంచి లోపలికి తోశారు. “దయచేసి వెంటనే ఇవ్వగలరు: నోటరీ” అన్నది దాని సారాంశం. ఆమె దాన్ని విప్పనే లేదు. ఈలోగా ఆయన పాస్‌పోర్టు కోసం కోటు లోపలికి చెయ్యి పోనిచ్చారు.

“బావగారూ, టోపీ! టోపీ తీయండి!” అని వెనుక నుంచి నేను అరిచాను. తెలుగు రానివారి చెవికి అది ముఠానాయకుడి ఆజ్ఞలా వినిపించిందని తరువాత మేనేజరమ్మ చెప్పింది. బావగారు తాపీగా వెనక్కి తిరిగి, “ఏమయ్యా, వీళ్లంతా చేతులు పైకి ఎత్తుతున్నారెందుకు?” అని అడిగారు.

ఆ సినిమాలో సన్యాసినుల ముసుగులతో, తుపాకులతో ఉన్న దొంగలు ఎదురుపడితే ఒక పోలీసు ముఖం పక్కకు తిప్పుకుంటాడు. మా బ్రాంచిలో అంతటి మర్యాదస్థులు ఒక్కరూ లేకపోయారు.

టోపీ ఊడి బట్టతల బయటపడ్డాక అందరూ కుదుటపడ్డారు. మేనేజరమ్మ మమ్మల్ని తలుపు దగ్గరకు తీసుకువెళ్లి, బడిపిల్లల చేత చదివించినట్టు ఆ నోటీసును మా చేత చదివించింది. అప్పుడు కాగితాలు చూసి, పవర్ ఆఫ్ అటార్నీలకు ఈ బ్రాంచిలో నోటరీ వేయరని చల్లగా సెలవిచ్చింది. టోపీల గురించి, కుక్కల గురించి, సెలవు రోజుల గురించి రాయడానికి తలుపు మీద చోటు చాలినవారికి ఈ ఒక్క వాక్యానికి చోటు ఎందుకు చాలలేదో నేను అడిగాను. వెబ్‌సైటులో ఉందట. వేరే బ్రాంచిలో వేస్తారు గాని అపాయింట్‌మెంటు ఉండాలని చెప్పి, ఆవిడే ఫోను చేసి వచ్చే గురువారానికి ఇప్పించింది.

బావగారి విమానం బుధవారం.