స్నానం గిట్టని మహారాణి గారికి

మహారాజశ్రీ 1950ల నాటి పూల బ్రోచి (బట్టకు గుచ్చుకునే నగ) గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయి ఆగాను. ఇక్కడ నేను కుశలంగా లేను. తువ్వాలు మీద వెల్లకిలా పడి ఉన్న తమరు అంతకన్నా కుశలంగా లేరు. కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

నిన్న మధ్యాహ్నం నేను చేసిన నేరం ఏమిటి? తమరికి స్నానం చేయించాను. గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల సబ్బు, మెత్తబడిన పాత టూత్‌బ్రష్షు. పసిపాపకు పోసినంత ఒద్దికగా పోశాను. రేకుల సందుల్లో ఏళ్ల తరబడి గట్టిపడిన మట్టి, ఎవరో మహాతల్లి ముఖానికి అద్దుకోగా మిగిలిన పౌడరు, సూది మొదట్లో పచ్చగా పట్టిన చిలుము, అన్నీ వదిలించేసరికి మూడు గంటలు పట్టింది. తుడిచి, ఆరబెట్టి, సాయంత్రం విందుకు గర్వంగా భుజం దగ్గర గుచ్చుకుని వెళ్లాను.

అక్కడ ఆరేళ్ల పిల్ల ఒకతె నా ఎదురుగా నిలబడి, కళ్లు చికిలించి, నలుగురూ వినేలా అంది: "అత్తా, నీ పువ్వుకు చీమలు పట్టాయి."

చూసుకున్నాను. ఇరవై మూడు రాళ్లలో తొమ్మిది పోయాయి. ఊడిపోలేదు, అలా పోయినా మర్యాదగా ఉండేది. ఎక్కడివక్కడే కూర్చుని గుడ్డివైపోయాయి. కొన్ని బూడిదరంగు, కొన్ని నలుపు. నిజంగానే చీమలు.

తమరిని కొన్నప్పుడు వెంట వచ్చిన కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. "ఎస్టేట్ నగ, కొద్దిపాటి శ్రద్ధ చూపితే ఇంకో డెబ్బై ఏళ్లు మన్నుతుంది" అని అందులో ఉంది. శ్రద్ధ చూపించాను కదా! ఇక ఆ ఎస్టేట్ అనే మాట. అది చదవగానే నా కళ్ల ముందు కోట, కోటలో మెట్లు, మెట్ల మీద ముత్యాలు వేసుకున్న ముసలి దొరసాని కదిలారు. తర్వాత తెలిసింది, నగల వ్యాపారంలో ఆ మాటకు అర్థం ఇంతకుముందు ఇంకెవరో వాడారని, అంతే. పోయిన ఏడాది కొని ఈ ఏడాది అమ్మేసినా అది ఎస్టేటే. పాతబట్టకు పట్టు పేరు. పోనీ లెండి, మోజు పడ్డవాళ్లకు నిఘంటువు చూసే తీరిక ఎక్కడిది?

తమరి వయసు తేల్చడానికి ఒక ఆదివారం మొత్తం భూతద్దంతో కుస్తీ పట్టాను. వెనక చేసినవారి పేరు అరిగిపోయింది, సున్న చుట్టిన సి అక్షరం ఒక్కటే మిగిలింది. దాని కథ నాకు తెలుసు. 1955లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు, గిల్టు నగలు చేసే ట్రిఫారి అనే అమెరికా సంస్థ పెట్టిన కేసులో, గిల్టు నగ కూడా కళాఖండమే, దానికీ కాపీరైటు ఉంటుందని తేల్చింది. ఆ తర్వాతే ఈ గుర్తు గిల్టు నగల వీపుల మీద విరివిగా కనబడటం మొదలైంది. అంటే తమరు న్యాయస్థానం గుర్తించిన కళాఖండాల కోవలోనివారు. అందుకే ఈ లేఖను గారు పెట్టి మొదలుపెట్టాను.

యుద్ధకాలంలో పుట్టిన తమరి అక్కల అదృష్టం వేరు. మామూలు లోహాలు సైన్యానికి కావలసి రావడంతో 1942 నుంచి అమెరికాలో గిల్టు నగలను వెండితో చేయవలసి వచ్చింది. యుద్ధం పుణ్యమా అని కాకిబంగారం కుటుంబానికి వెండి ఒళ్లు దక్కింది. శాంతి వచ్చింది, వెండి పోయింది, తమరు పుట్టారు. దీనికి మాత్రం తమరిని తప్పుపట్టను.

నకిలీవి అని కూడా తప్పుపట్టను. ఆ సంగతి తెలిసే కొన్నాను. 1953లో అమెరికా అధ్యక్షుడి ప్రమాణస్వీకారం నాటి నృత్యోత్సవానికి మామీ ఐజన్‌హోవర్ కోరి కోరి వేసుకున్నవి ట్రిఫారి వాళ్ల కృత్రిమ ముత్యాలే. గులాబి రంగు గౌను మీద రెండు వేలకు పైగా రైన్‌స్టోన్లు, అంటే తమరి ఒంటి మీద ఉన్నలాంటి గాజురాళ్లు. అధ్యక్షుడి భార్యకు లేని నామోషీ నాకెందుకు? అసలు ఆ కాలపు గిల్టు నగల మీద నాకు మోజు పుట్టింది అందుకే. వాటికి తమ పుట్టుక గురించి సిగ్గు లేదు. బంగారం కానప్పుడు బంగారానికి ఉండే పొదుపు కూడా అక్కర్లేదని, అరచేయంత పువ్వులు, ఆకాశంలో లేని రంగులు, ఎడాపెడా రాళ్లు. వాటి పక్కన నిజమైన వజ్రపు ముక్కుపుడక కూడా బెరుగ్గా కనిపిస్తుంది.

నా బాధల్లా ఒక్కటే. నీళ్లు.

రైన్‌స్టోన్ అనే పేరు ఎక్కడిది? యూరప్‌లోని రైన్ నది దగ్గర దొరికిన స్ఫటికపు గులకరాళ్లది. నదిలో దొర్లి దొర్లి మెరుగెక్కిన రాళ్లు. తర్వాత 18వ శతాబ్దంలో స్ట్రాస్ అనే నగల పనివాడు సీసం కలిపిన గాజుతో వజ్రాల్లాంటి రాళ్లు చేశాడు. యూరప్‌లో చాలా భాషలవాళ్లు ఈ రాళ్లను ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. నది పోయి గాజు వచ్చినా, నది పేరు మాత్రం తమరి వంశం అట్టే పెట్టుకుంది. అంతటి మహానది పేరు పెట్టుకుని గిన్నెడు నీళ్లకు ప్రాణం విడవడం ఏమి మర్యాద అండీ?

కారణం చదివాక ఇంకా మండింది. లోపలికి వెళ్లిన వెలుగును వజ్రంలా వెనక్కి తిప్పి పంపడం గాజుకు చేతకాదు. అందుకని అద్దానికి వేసినట్లు రాయి వెనక పల్చటి లోహపు పూత వేస్తారు. మెరిసేది రాయి కాదు, దాని వీపు. రాయికీ అది కూర్చున్న గుంటకూ మధ్య ఒక్క చుక్క నీరు దూరితే మళ్లీ బయటికి రాదు. లోపలే ఉండి పూతను తినేస్తుంది. అది పొరలు పొరలుగా లేస్తుంది, రాయి ఆరిపోతుంది. సేకరించేవాళ్లు వీటిని చచ్చిన రాళ్లు అంటారట. పైన పటారం లోన లొటారం అన్న సామెత తమరి దగ్గర తిరగబడింది. పటారమంతా వెనకే, ఎవరికీ కనబడని చోట.

ఇది నాకు ముందు ఎవరు చెప్పాలి? ఆ కాగితం చెప్పిందా? లేదు. నువ్వు చెప్పావా? లేదు! వజ్రాన్ని చూసి కోత నేర్చుకున్నావు, కులుకు నేర్చుకున్నావు, దీపం కింద ఒళ్లు తిప్పడం నేర్చుకున్నావు. స్నానం ఒక్కటి నేర్చుకోలేకపోయావా? సబ్బునీళ్లలో వేస్తే వజ్రం ఇంకా తెల్లబడుతుంది. అక్కడ దాన్ని కాపీ కొట్టడానికి నీకేమి రోగం? డెబ్బై ఏళ్ల పాటు ఎవరెవరి చెమట, ఎవరెవరి అత్తరు, ఎన్ని పెట్టెల అడుగున చీకటి, అన్నిటినీ ఓర్చుకున్నావు. ప్రేమగా కడిగిన చేతుల్లో చచ్చావు. మూడు గంటలు! వేళ్ల చివర్లు ముడతలు పడ్డాయి నాకు. ఆ మురికిలోనే నిన్ను వదిలేసి ఉంటే నిన్న విందులో దివిటీలా వెలిగేదానివి. శుభ్రత నీకు విషమని నేను కలగన్నానా?

చీమలట!

రాత్రి నిద్ర పట్టక నిన్ను పారేద్దామనే లేచాను. చెత్తబుట్ట దాకా కూడా వచ్చాను. అలవాటు చావక పారేసే ముందు ఒకసారి తిరగేసి చూశాను. నీ వీపు. ఎవరూ చూడని వీపు. ప్రతి రేకుకూ వెనక కూడా ఈనెలు గీశారు. రాళ్లను జిగురుతో అంటించి వదిలేయలేదు, ఒక్కొక్క రాయినీ నాలుగు సన్నని లోహపు కొక్కేలు వేళ్లలా పట్టుకున్నాయి. చచ్చిన తొమ్మిదింటిని కూడా. ఒక్క కొక్కెమూ వదల్లేదు.

చెకోస్లోవాకియాలో గాబ్లోంజ్ అనే గాజుపనివాళ్ల ఊరు ఉండేది. 1945 తర్వాత అక్కడి జర్మన్లను వెళ్లగొట్టారు. వాళ్లలో కొందరు జర్మనీలోని బవేరియా చేరి, పాత పేలుడు పదార్థాల కర్మాగారం ఉన్న స్థలంలో ఇళ్లు కట్టుకుని, దానికి నోయిగాబ్లోంజ్, అంటే కొత్త గాబ్లోంజ్, అని పేరు పెట్టుకుని మళ్లీ కొలిమి వెలిగించారు. నీ రాళ్లు వాళ్లు చేసినవేనని నేను ప్రమాణం చేయలేను. కానీ అలాంటి చేతులు తిరిగిన కాలం నాటి దానివి. చెత్తబుట్ట మూత వేసేశాను.

ఇప్పుడు భూతద్దం, కొలత పట్టీ ముందేసుకుని కూర్చున్నాను. చచ్చిన తొమ్మిదీ ఒకే కొలత, నాలుగు మిల్లీమీటర్లు. కొత్తవి పెడితే పాతవాటి మధ్య మరీ తెల్లగా, కట్టుడుపళ్లలా కనిపిస్తాయట. నీ వయసు రాళ్లే కావాలి, అంటే నీ కాలం నాటి ఇంకో విరిగిన నగలోంచి తీయాలి. అలా వెతుకుతుంటే ఒకటి కనబడింది. సూది లేదు, రేకు ఒకటి వంగింది, రాళ్లు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. డబ్బు కట్టేశాను.

అది వచ్చేదాకా తువ్వాలు మీదే ఉండు. దాహం వేస్తే చెప్పకు.

ఇట్లు,
నీళ్లు పోసిన పాపి

తా.క. పొట్లం ఇప్పుడే వచ్చింది. విప్పి చూస్తే బొమ్మలో కన్నా బాగుంది. వంగిన రేకు దానికి ఒక రకమైన ఠీవి తెచ్చింది. రాళ్లు పీకడానికి చేయి రావడం లేదు. నీకోసం మూడోదాన్ని వెతుకుతున్నాను. పైన కాగితం మీద ఏమి రాసి ఉందో అడగవద్దు. ఎస్టేటే.