బ్రిటిష్ రాక్‌ను అమెరికా తక్కెడలో తూచడం తగదు

బ్రిటిష్ రాక్ బృందాలు విదేశాల్లో ఎంతగా నిలదొక్కుకున్నాయన్న చర్చ ఎప్పుడు వచ్చినా 1964 ఫిబ్రవరి దగ్గర మొదలై చాలావరకు అక్కడే ముగుస్తుంది. బీటిల్స్ న్యూయార్క్‌లో విమానం దిగడం, రెండు రోజులకే ఎడ్ సల్లివాన్ టీవీ కార్యక్రమంలో వాళ్లను దాదాపు 7 కోట్ల 30 లక్షల మంది చూడటం, అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో ఏప్రిల్ 4న మొదటి అయిదు స్థానాలూ వాళ్లకే దక్కడం పాఠకులకు తెలిసిన కథే. అందులో అబద్ధమేమీ లేదు. అయితే ఆ ఒక్క కథనే కొలబద్దగా పెట్టుకుని, అమెరికాలో నెగ్గిన బృందాన్ని 'ప్రపంచాన్ని గెలిచింది' అని, అక్కడ నెగ్గని బృందాన్ని 'ఇంటి గడప దాటలేదు' అని తీర్పు చెప్పే పద్ధతి ఇన్ని దశాబ్దాల తర్వాతా కొనసాగడం అన్యాయమని నా అభిప్రాయం.

స్లేడ్ సంగతే చూడండి. 1971 నుంచి 1973 దాకా మూడేళ్లలో బ్రిటన్ పట్టికలో ఆరు పాటలను మొదటి స్థానంలో నిలబెట్టిన బృందం అది. ఆ దశాబ్దంలో అమెరికాలో నిలదొక్కుకోలేకపోయింది కనుక, విదేశాల్లో విఫలమైన బృందాల జాబితా ఎవరు రాసినా ముందు దాని పేరే రాస్తారు. అదే కాలంలో ఆ బృందం కచేరీ ఆల్బమ్ ఆస్ట్రేలియాలో మొదటి స్థానానికి చేరిన సంగతి ఆ జాబితాలో కనిపించదు. 1983లో క్వయట్ రయట్ అనే అమెరికన్ బృందం స్లేడ్ పాటనే మళ్లీ పాడి అక్కడ అయిదో స్థానానికి తీసుకువెళ్లింది. పదేళ్ల ముందు అట్టడుగున ఆగిపోయిన పాట అది. లోపం పాటలో లేదని వేరే చెప్పనక్కర్లేదు.

అసలు ఆ అమెరికా పట్టిక జనం ఇష్టాన్ని మాత్రమే చూపిందా? బీటిల్స్ రికార్డు సంస్థ ఈఎంఐకి అమెరికాలో క్యాపిటల్ అనే సొంత అనుబంధ సంస్థ ఉండేది. ఆ సంస్థే 1963లో వాళ్ల పాటలను ఒకదాని తర్వాత ఒకటిగా తిరస్కరిస్తే, చిన్న కంపెనీలు వాటిని విడుదల చేశాయి. కింక్స్ బృందమైతే 1965 నుంచి 1969 దాకా అమెరికాలో కచేరీ చేయడానికే వీల్లేకపోయింది. అక్కడి సంగీతకారుల సంఘం అనుమతి ఇవ్వలేదు. తలుపు తెరిచిన వాళ్లెవరో, మూసిన వాళ్లెవరో చూడకుండా లోపలికి వెళ్లిన వాళ్లనే లెక్కపెట్టి, అదే ప్రజాదరణ అంటే ఎలా?

ప్రపంచంలోకెల్లా పెద్ద రికార్డుల విపణి అమెరికాయే కనుక అక్కడి గెలుపునే గెలుపుగా చూడాలని వాదించేవారున్నారు. డబ్బు లెక్కలో ఆ వాదన సరైనదే. కంపెనీలకు లాభం, బృందాలకు ఆస్తి అక్కడినుంచే వచ్చాయి. కానీ మనం మాట్లాడుకుంటున్నది ఆదరణ గురించి.

సోవియట్ యూనియన్‌లో బీటిల్స్ ఒక్క కచేరీ కూడా చేయలేదు. పాశ్చాత్య సంగీతం దుకాణంలో దొరకని రోజుల్లో, అక్కడివారు ఆసుపత్రుల్లో పారేసిన ఎక్స్‌రే ఫిల్ములను గుండ్రంగా కత్తిరించి, మధ్యలో సిగరెట్ నిప్పుతో రంధ్రం చేసి, వాటిపై పాటలు ఎక్కించుకునేవారు. వెలుతురుకు ఎదురుగా ఎత్తి పట్టుకుంటే ఎవరివో పక్కటెముకలు కనిపించే రికార్డులవి. రీల్ టేప్ రికార్డర్లు వచ్చాక ఒకరి టేపు నుంచి మరొకరు, ఆ నకలు నుంచి ఇంకొకరు ఎక్కించుకున్నారు. ఈ శ్రోతల్లో ఒక్కరి పేరూ ఏ అమ్మకాల పట్టికలోనూ లేదు. అయినా, అమెరికాలో ఎన్నడూ మొదటి పది స్థానాల్లోకి రాని యురియా హీప్ బృందం 1987 డిసెంబరులో మాస్కోలో 10 కచేరీలు చేసింది. ఏళ్ల తరబడి నకలు టేపుల మీద పెరిగిన ఇష్టం లేకపోతే ఆ ఆహ్వానం వచ్చేదే కాదు.

జపాన్ శ్రోతలైతే ఒక బృందం చరిత్రనే మలుపు తిప్పారు. 1972 ఆగస్టులో ఒసాకా, టోక్యో నగరాల్లో డీప్ పర్పుల్ చేసిన మూడు కచేరీలను జపాన్‌లో అమ్మడం కోసమే రికార్డు చేశారు. ఆ రికార్డింగు ఎంత బాగా కుదిరిందంటే మిగతా దేశాల్లోనూ విడుదల చేయక తప్పలేదు. రాక్ కచేరీ ఆల్బమ్‌ల మాట వస్తే నేటికీ ముందు తలచుకునే వాటిలో అదొకటి. క్వీన్ బృందం 1975 ఏప్రిల్‌లో టోక్యో విమానాశ్రయంలో దిగేనాటికి స్వదేశంలో ఒక్క పాటా మొదటి స్థానానికి చేరలేదు. అయినా అక్కడ వేలమంది ఎదురుచూస్తున్నారు.

క్వీన్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే నా వాదనకు అంతకన్నా బలమైన ఆధారం లేదు. 1981లో వాళ్లు అర్జెంటీనా, బ్రెజిల్ వెళ్లారు. సావో పాలోలోని మోరుంబీ స్టేడియంలో ఒక్క రాత్రి 1,31,000 మంది వచ్చారని చెబుతారు. అక్కడి భాష పోర్చుగీసు. బృందం గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ ఒక నెమ్మదైన ప్రేమ పాట ఎత్తుకుని మధ్యలో ఆపితే, మిగతా పాటను ఆ జనమే ఇంగ్లిష్‌లో పాడారు. బ్రయాన్ మే గిటారు వాళ్ల గొంతుల వెంట నడిచింది. రికార్డును వందసార్లు విని, అర్థం తెలిసినా తెలియకున్నా ప్రతి పదాన్నీ నాలుకపై నిలుపుకున్నవాళ్లకే అది సాధ్యం. 1982 తర్వాత ఫ్రెడీతో కూడిన క్వీన్ అమెరికాలో పర్యటించనే లేదు. అమెరికా తక్కెడ ప్రకారం అది బృందం క్షీణించిన కాలం. మిగతా ప్రపంచంలో స్టేడియాలు నిండిన కాలం కూడా అదే.

ఈ అలవాటు మనకూ ఉంది. మన సినిమా వార్తల్లో 'ఓవర్సీస్' అన్న మాట కనిపిస్తే అది దాదాపు ఎప్పుడూ అమెరికా ప్రీమియర్ల డాలర్ల లెక్కే. కరీంనగర్, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు వెళ్లి, కూలి సొమ్ములోంచి టికెట్ కొనుక్కునే మనిషికీ, తెలుగు ఒక్క ముక్క రాకపోయినా ఒకే సినిమాను పదేపదే చూసే జపాన్ ప్రేక్షకురాలికీ ఆ లెక్కలో పెద్దగా చోటు లేదు. ఎక్కువ ధర పెట్టి కొన్నవాడి చప్పట్లే చప్పట్లని అనుకోవడం మొదలుపెడితే, కళ ఎవరి గుండెల్లోకి వెళ్లిందో తెలుసుకునే దారి మూసుకుపోతుంది. 2007లో బెంగళూరు ప్యాలెస్ మైదానంలో బ్రిటిష్ బృందం ఐరన్ మెయిడెన్ కచేరీ జరిగితే దూరపు రాష్ట్రాల నుంచి సైతం యువకులు రైలెక్కి వెళ్లారు. వాళ్లలో చాలామంది ఆ బృందాన్ని విన్నది నకలు క్యాసెట్లలోనే.

1986 జులై 27న క్వీన్ హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లోని నెప్‌స్టేడియన్‌లో పాడింది. దేశం ఇంకా కమ్యూనిస్టు పాలనలోనే ఉంది. కచేరీ నడుమ ఫ్రెడీ మెర్క్యురీ గిటారు తోడుగా ఒక హంగేరియన్ జానపద గీతం అందుకున్నాడు. జాంజిబార్‌లో పుట్టి, మన పంచ్‌గనీలో చదువుకుని, లండన్‌లో స్థిరపడిన ఆ పార్సీ గాయకుడికి హంగేరియన్ రాదు. అందుకే పాట మాటలను అరచేతిలో రాసుకున్నాడు. నాటి దృశ్యాల్లో ఆయన చెయ్యి ముఖం ముందుకు తెచ్చుకుని చదువుకోవడం కనిపిస్తుంది. రెండో పంక్తికల్లా స్టేడియమంతా గొంతు కలిపింది.