పాట ఎవరిదైనా, బాణీకి ఒక మనిషి ఉంటాడు

అమెరికన్ గాయకుడు, పాటల రచయిత బాబ్ డిలాన్ పని అయిపోయింది, అందుకే పాత పాటల మీద పడ్డాడు అన్నారు 1992లో. మాలిబులోని ఇంటి గ్యారేజీలో గిటార్, హార్మోనికా పెట్టుకుని ఒక్కడే 13 పాత జానపదాలు, బ్లూస్ పాటలు రికార్డు చేశాడు. మరుసటి ఏడాది ఇంకో పది. అన్నీ పక్కవాళ్ల పాటలే. అయితే ఏంటట? 1962 నాటి మొదటి ఆల్బమ్‌లోనూ 13 పాటలకి సొంతవి రెండే. పైగా 1997లో అన్నీ తనే రాసిన ఆల్బమ్ తెచ్చి, మరుసటి ఏడాది గ్రామీల్లో ఉత్తమ ఆల్బమ్ అవార్డు కొట్టాడు. ఎండిపోయిన బావిలో అన్ని నీళ్లు ఎక్కడివి?

నా పేచీ వేరే. 1992, 93ల నాటి ఆ రెండు పాత పాటల ఆల్బమ్‌లనూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాని మీద, ఇవి సంప్రదాయ గీతాలు, కూర్పు డిలాన్‌ది అని ఉంది. అందులో ‘ఆర్థర్ మెక్‌బ్రైడ్’ అనే ఐరిష్ పాట ఒకటి. సైన్యంలో చేరమని వచ్చిన సార్జెంటును ఇద్దరు కుర్రాళ్లు చితక్కొట్టి పంపే కథ. ఆరు నిమిషాల పైనే పాడాడు, బొంగురు గొంతుతో, అద్భుతంగా. కానీ ఆ పాడే తీరు ఐరిష్ గాయకుడు పాల్ బ్రేడీది. అందులోదే ఇంకో పాట ‘కెనడీ-ఐ-ఓ’, అది ఇంగ్లిష్ జానపద గాయకుడు నిక్ జోన్స్ వాయించిన పద్ధతి. జోన్స్ అప్పటికి పదేళ్లుగా వేదికకు దూరం, 1982లో కారు ప్రమాదం వల్ల. అట్ట మీద ఇద్దరి పేర్లూ లేవు.

రెండో ఆల్బమ్‌కి డిలాన్ తనే కూర్చుని నోట్స్ రాశాడు. ఇది బ్లూస్ గాయకుడు బ్లైండ్ విల్లీ మెక్‌టెల్‌ది, ఇవి మిసిసిపీ షీక్స్ అనే బృందానివి, ఇది జానపద గాయకుడు డాక్ వాట్సన్ రికార్డు నుంచి అని పేరుపేరునా చెప్పాడు. నాకు ఆ కాగితం పాటలంత ఇష్టం.

జానపదానికి ఓనరెవరండీ, అందరూ అందరి దగ్గరా తీసుకున్నదే కదా అంటారు. నిజమే, పాటకి ఓనర్ లేడు. బాణీ దిద్దినవాడి సంగతేంటి? ‘హౌస్ ఆఫ్ ద రైజింగ్ సన్’ అనే పాత పాటకి న్యూయార్క్ జానపద గాయకుడు డేవ్ వాన్ రాంక్ కట్టుకున్న కూర్పును కుర్ర డిలాన్ ముందే రికార్డు చేసేశాడు. చివరికి వాన్ రాంక్ పాడితే డిలాన్‌ని కాపీ కొట్టాడన్నారు జనం! ఆయన ఆ పాటే మానుకోవాల్సొచ్చింది.

మన దగ్గర ‘సేకరణ’ అని చక్కటి మాట ఉంది. అది చూస్తుండగానే ‘రచన’ అయిపోతుంది, లేదంటే ఉత్త ‘జానపదం’గా మిగులుతుంది. వరినాట్లలో పాడే అమ్మనడగండి, ఇది మా మేనత్త దగ్గర నేర్చుకున్నానని ముందు అదే చెబుతుంది. పాట స్టూడియోకి చేరేసరికి ఆ మేనత్తే కాదు, ఈ అమ్మ పేరు కూడా ఉండదు.