మహారాజశ్రీ అర్జీ గారి దివ్యసముఖానికి

నమస్కరించి రాయునది ఏమనగా, నిన్న మధ్యాహ్నమంతా తమరిని చేతిలో పట్టుకొని ఒక కార్యాలయం వరండాలో నిలబడ్డాను. చివరికి గుమాస్తా తలెత్తి, "ఇది మా సెక్షన్ తీసుకునేది కాదండీ" అన్నాడు. ఏ సెక్షన్ తీసుకుంటుందో చెప్పవలసినాయన భోజనానికి వెళ్లాడు. ఇందులో తమకు వింతేమీ తోచదని తెలుసు. తమరు లండన్‌లో ఇంతకంటే పెద్ద గుమ్మాల ముందు పడిగాపులు కాసినవారు.

అమెరికాలోని పదమూడు వలస రాజ్యాలు బ్రిటిష్ రాజు మీద తుపాకులు ఎత్తాయని అందరూ చెబుతారు. అంతకుముందు పదేళ్లపాటు తమరినే నమ్ముకున్నాయని చెప్పేవారు తక్కువ. 1765లో స్టాంపు పన్ను వచ్చింది. పత్రికల మీద, దస్తావేజుల మీద, ఆఖరికి పేకముక్కల మీద కూడా పన్నే. వద్దు మొర్రో అని అక్కడి శాసనసభలు ముందుగానే తమరిని ఓడెక్కించాయి. పన్ను బిల్లుల మీద అర్జీలు తీసుకునే ఆనవాయితీ మాకు లేదు పొమ్మంది బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభ. వసూలు చేసే ఆనవాయితీకి మాత్రం లోటు లేదు! ఆ సభలో వలస రాజ్యాల ఓటుతో గెలిచి కూర్చున్నవాడు ఒక్కడూ లేడు.

మరుసటి ఏడాది ఆ చట్టం రద్దయితే తమరి ప్రతాపమేనని మురిసిపోయారేమో. అక్కడ స్టాంపులు అమ్మవలసిన వాళ్లు జనానికి జడిసి కొలువులు వదులుకున్నారు. సరుకు కొనేవాళ్లు లేక లండన్ వ్యాపారులు లబోదిబోమంటూ తమరినే పట్టుకొని పార్లమెంటుకు వెళ్లారు. వాళ్ల చేతిలో ఉన్నప్పుడు తమరు చక్కగా చెవికెక్కారు. మొహం చూసి బొట్టు పెట్టడం అక్కడా ఉందన్నమాట.

మళ్లీ కొత్త పన్నులు వచ్చిపడితే, 1768లో అందరం కలిసి విన్నవించుకుందాం రండని మసాచుసెట్స్ సభ తోటి రాజ్యాలకు లేఖ రాసింది. దాన్ని వెనక్కి తీసుకోమని లండన్ నుంచి హుకుం వచ్చింది. 92 మంది ససేమిరా అన్నారు, 17 మంది తలూపారు. గవర్నరు ఏకంగా సభనే రద్దు చేశాడు. ఆ అక్టోబరులో బోస్టన్‌లో సైన్యం దిగింది. తర్వాత కాల్పులు, అయిదుగురి చావు, సముద్రం పాలైన 342 తేయాకు పెట్టెలు... అవన్నీ పిల్లల పాఠాల్లో ఉన్నవే, వదిలేద్దాం.

నాకు మింగుడుపడనిది 1774 జనవరి 29. మసాచుసెట్స్ గవర్నరును తొలగించండి మహాప్రభో అన్న అర్జీ రాజుగారి సలహా మండలి అయిన ప్రివీ కౌన్సిల్ ముందుకు వచ్చింది. దాని తరఫున నిలబడింది లండన్‌లో మసాచుసెట్స్ సభ ప్రతినిధి బెంజమిన్ ఫ్రాంక్లిన్. అరవై ఎనిమిదేళ్లవాడు, మఖమలు దుస్తుల్లో వచ్చాడు. సొలిసిటర్ జనరల్ వెడర్‌బర్న్ లేచి, అర్జీ సంగతి పక్కన పడేసి, గవర్నరు ప్రైవేటు ఉత్తరాలు బయటపెట్టిన దొంగ ఇతనేనంటూ ఆ పెద్దమనిషిని గంటసేపు చెరిగి పోశాడు. కౌన్సిల్ పెద్దలు పగలబడి నవ్వారు. ఆయన నిలబడ్డచోటు నుంచి కదల్లేదు, ముఖంలో ఒక్క గీతా మారలేదు. అర్జీని నిరాధారమని కొట్టేశారు. రెండు రోజులు తిరక్కుండా ఆయన పోస్ట్‌మాస్టర్ ఉద్యోగమూ ఊడబీకారు. అప్పుడు నువ్వేం చేస్తున్నావు? బల్ల మీద వెల్లకిలా పడుకొని వింటున్నావు! నాలుగేళ్ల తర్వాత అమెరికా తరఫున ఫ్రాన్సుతో ఒప్పందం మీద సంతకం పెట్టే రోజున ఆయన ఏరికోరి అదే పాత మఖమలు దుస్తులు వేసుకున్నాడట. మనిషికి ఉన్న రోషం నీకు లేకపోయింది.

ఆ 1774లోనే ఫిలడెల్ఫియాలో కూడిన వలస రాజ్యాల ప్రతినిధుల సభ, కాంగ్రెస్, రాజుకు నేరుగా నిన్ను పంపింది. గవర్నర్ల ఉత్తరాలు, వార్తాపత్రికలు, కరపత్రాల కట్టలో అట్టడుగున నిన్ను పార్లమెంటుకు చేరవేశారు. బుట్టదాఖలు చేసినా కొంత గౌరవంగా ఉండేది.

1775 ఏప్రిల్‌లో లెక్సింగ్టన్ దగ్గర తుపాకులు పేలాయి. జూన్‌లో బంకర్ హిల్ దగ్గర వందల ప్రాణాలు పోయాయి. అయినా జూలైలో ఆ కాంగ్రెస్ సభ్యుడు జాన్ డికిన్సన్ కూర్చొని, ప్రభువులవారి పాదాలకు నమస్కరించే ధోరణిలో నిన్ను మళ్లీ రాశాడు. ఇక వేడుకోళ్లు చాలనుకున్న జాన్ ఆడమ్స్ వంటి సభ్యులు పళ్లు నూరుకుంటూనే సంతకాలు పెట్టారు. నువ్వు లండన్ చేరావు. రాజు నిన్ను విప్పి చూడకుండానే ఆగస్టు 23న వాళ్లందరూ తిరుగుబాటుదారులని ప్రకటన చేశాడు. జవాబేమిటని తెచ్చినవాళ్లు అడిగితే, ప్రభువులవారు సింహాసనం మీద కూర్చొని స్వీకరించలేదు కనుక జవాబు ఉండదన్నారు. కూర్చోలేదట! వేల మైళ్ల సముద్రం దాటి వచ్చిన కాగితానికి రాజు ఆసనమా అడ్డం? ఊళ్లు తగలబడుతున్నాయని మొత్తుకుంటే కుర్చీ సంగతి చెబుతారా? ఆ మాట విన్నవాడు ఇంటికి వెళ్లి తుపాకీ నూనె పెట్టి తుడుచుకోక, ఇంకో కాగితం తీసుకుంటాడా?

మరుసటి జూలైలో వెలువడిన స్వాతంత్ర్య ప్రకటనలో నీ చరిత్రంతా ఒకటి రెండు వాక్యాల్లో తేల్చేశారు: ఎంతో అణకువగా విన్నవించుకున్నాం, ప్రతిసారీ మళ్లీ గాయమే దక్కింది అని. నిన్ను అంత ముద్దుగా రాసిన డికిన్సన్ దానిపై సంతకం చేయలేదు. చేయకపోయినా బ్రిటిష్ సైన్యాన్ని ఎదుర్కోవడానికి దళంతో కలిసి న్యూజెర్సీకి కదిలాడు.

అంతటితో నీ పీడ విరగడైందనుకుంటే, 1791లో తమ రాజ్యాంగానికి చేసుకున్న మొదటి సవరణలోనే ప్రభుత్వానికి అర్జీ పెట్టుకునే హక్కును రాసుకున్నారు! రాజును వదిలించుకున్నవాళ్లు నిన్ను వదులుకోలేకపోయారు. వాళ్లకు ఏ మందు పెట్టావో ఏమో.

ఇట్లు,
ఒక అర్జీదారు