కమీషన్ రాని జంపఖానా

జనవరి వచ్చిందంటే చాలు, హైదరాబాద్ ఇంటీరియర్ డిజైనర్లలో కాస్త పేరున్నవాళ్ల ఇన్‌స్టాగ్రామ్ పేజీలు ఫ్రాంక్‌ఫర్ట్‌కు మారిపోతాయి. మెడలో బ్యాడ్జీ, చేతిలో కాఫీ, వెనకాల ఏదో కర్టెన్ల స్టాల్, కింద ‘ఈ ఏడాది ట్రెండ్ ఇదే’ అని ఓ లైను. అక్కడ 1971 నుంచి జరుగుతున్న హైమ్‌టెక్స్‌టిల్ అంటే దుప్పట్లు, కర్టెన్లు, సోఫా గుడ్డలు, రగ్గులు తయారుచేసేవాళ్లకు ప్రపంచంలోకెల్లా పెద్ద సంత. ఏప్రిల్‌లో మిలాన్ ఫర్నిచర్ మేళా ఉండనే ఉంది. వెళ్లడం తప్పేమీ కాదు, డిజైనర్‌గా నేనూ వెళ్లొచ్చాను. వెళ్లొచ్చినవాళ్లు ఆ తర్వాత కస్టమర్ల ఇళ్లలో ఏం పెడుతున్నారన్నదే నా గొడవ. కోకాపేటలో చూసినా, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర చూసినా అదే ఫాల్స్ సీలింగ్, అవే ప్రొఫైల్ లైట్లు, టీవీ వెనకాల అవే గీతల ప్యానెళ్లు. దీనికి అంత దూరం పోవాలా?

అసలు ఆ సంతలో సరుకు కొనేవాళ్లు ఎలా చూస్తారో గమనిస్తే మన సంగతి తెలిసిపోతుంది. యూరప్ దుకాణాల తరఫున వచ్చే బయ్యర్లకు స్టాల్ అలంకరణతో పనిలేదు. నేరుగా శాంపిళ్లు వేలాడే రాక్ దగ్గరికి పోతారు. గుడ్డను తిరగేస్తారు, అంచు దగ్గర పోగు లాగి చూస్తారు, తర్వాత అంకెలు అడుగుతారు. చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు? మార్టిండేల్ ఎంత? అంటే యంత్రం మీద ఎన్నిసార్లు రుద్దితే గుడ్డ అరుగుతుందని. రోజూ కూర్చునే సోఫాకైతే అది ఇరవై వేలు దాటాలంటారు. ఎండకు రంగు నిలిచే గుణం ఒకటి నుంచి ఎనిమిది వరకున్న స్కేలు మీద ఎక్కడ? కర్టెన్ గుడ్డకు అయిదైనా ఉండాలి. హైదరాబాద్‌లో పడమటి బాల్కనీ ఉన్న ఫ్లాట్‌లో మే నెల ఎండ ఎలా కొడుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా కర్టెన్ ఎంపిక చేసేటప్పుడు ఈ అంకె అడిగిన డిజైనర్‌ను ఇక్కడి షోరూముల్లో నేను చూడలేదు. ‘ప్రీమియం క్వాలిటీ మేడమ్’ అని సేల్స్ కుర్రాడు అనడం, మనం తలూపడం, రెండు వేసవులకే మడతల అంచులు తెల్లబారిపోవడం.

పైగా అది మనకోసం పెట్టిన సంత కాదు. ఒక ఇంటికి కావలసిన కర్టెన్ గుడ్డ ఎంత, మహా అయితే వంద మీటర్లు. అక్కడ మాటలు వేల మీటర్లతో మొదలవుతాయి. కాబట్టి అక్కడ నచ్చినదాన్ని మనం ఎలాగూ కొనలేం. తిరిగొచ్చి ఇక్కడి డీలర్ క్యాటలాగ్‌లో దానికి దగ్గరగా ఉన్నది వెతుకుతాం. విదేశీ ట్రెండ్ మన ఇంట్లోకి దిగే దారి ఇదే.

ఆ సంతలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం పానిపట్ నుంచి వచ్చిన ఓ ఎగుమతిదారు స్టాల్. నేల మీద నూలు జంపఖానాలు పరిచారు. ఓ బయ్యర్ మోకాళ్ల మీద కూర్చుని ఒకదాన్ని వెనక్కి తిప్పి, వెనకవైపూ డిజైన్ అంతే శుభ్రంగా ఉందని చూసి, ధర గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. పానిపట్, కరూర్, భదోహీ లాంటి నేత ఊళ్లు ఇలా ఎగుమతుల మీదే బతుకుతున్నాయి. వాటి పెద్ద మార్కెట్ అమెరికా. 2025 ఆగస్టు 27న అక్కడ మన సరుకు మీద సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఈ ఊళ్లు ఎంత టెన్షన్ పడ్డాయో పేపర్లు చదివినవాళ్లకు తెలుసు. అదే సమయంలో మన ఊళ్లో కోట్లు పోసి ఫ్లాట్లు కొని, హాల్లో మిషన్ మీద చేసిన పాలిస్టర్ రగ్గు పరుస్తున్నారు. పరదేశంలో గిరాకీ పడిపోయిందని ఏడ్చే సరుకుకు స్వదేశంలో గిరాకీ ఎందుకు లేదు?

ఆ జంపఖానా మనకు కొత్తేం కాదు. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకు అని చట్టం ఇచ్చే ముద్ర, వచ్చింది. అంతకన్నా పాత సంగతి ఒకటుంది. ఈ అంతర్జాతీయ ఎగ్జిబిషన్లన్నిటికీ తల్లి లాంటిది 1851లో లండన్ హైడ్ పార్కులో గాజు మహల్ కట్టి పెట్టిన మహా ప్రదర్శన. వరంగల్ తివాచీలు అందులో ఉన్నాయి. ఇంకా వెనక్కి వెళ్తే, కోరమాండల్ తీరపు అద్దకం గుడ్డలు యూరప్ పడక గదుల్లో మంచం దుప్పట్లుగా, గోడ తెరలుగా వేలాడాయి. భారతదేశం నుంచి వచ్చే ఇలాంటి అచ్చు గుడ్డల ధాటికి సొంత నేతగాళ్లు నిలవలేకపోతున్నారని ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా నడిచింది. ట్రెండ్ ఎటు నుంచి ఎటు పోయిందో చూడండి. వరంగల్ కొత్తవాడలో మాత్రం ఇప్పుడు ఏటేటా మగ్గాలు తగ్గుతున్నాయి. హైదరాబాద్ నుంచి మూడు గంటల ప్రయాణం. అక్కడికి వెళ్లి ఫొటో పెట్టిన డిజైనర్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఎందుకు వెళ్లరు? మా వృత్తిలో అందరికీ తెలిసిన, ఎవరూ రాయని విషయం ఇది. ప్లైవుడ్, లామినేట్, హార్డ్‌వేర్, లైట్లు, కర్టెన్లు, ఏది కొన్నా షాపు నుంచి డిజైనర్‌కు వాటా వస్తుంది. ఎంత శాతమన్నది సరుకును బట్టి, షాపును బట్టి, చనువును బట్టి ఉంటుంది. టార్గెట్ దాటితే విదేశీ ట్రిప్పు. ట్రెండ్ చూసొచ్చామని చెప్పే ప్రయాణాల్లో కొన్నిటి టికెట్లు ఎవరు కొన్నారో అడగకపోవడమే మర్యాద. కొత్తవాడ నేతగాడు వాటా ఏం ఇస్తాడు? అతని దగ్గర క్యాటలాగ్ లేదు, క్రెడిట్ నోట్ లేదు, దుబాయ్ ట్రిప్పు అసలే లేదు. కాబట్టి అతని సరుకు కస్టమర్ ముందుకే రాదు. కస్టమర్ వద్దన్నాడని అనుకోవడం పొరపాటు, అతనికి చూపిస్తే కదా!

నేతగాళ్లతో పని కష్టమనే వాదన ఉంది, కొట్టిపారేయలేను. చెప్పిన తేదీకి రాదు, రెండో ముక్క మొదటి దాని రంగులో ఉండదు, గృహప్రవేశం ముహూర్తం మగ్గం కోసం ఆగదు. పిల్లలున్న ఇంట్లో పాలకూర పప్పు ఒలికితే పాలిస్టర్ తుడిస్తే పోతుంది. నిజమే. కానీ పని మొదలైన రోజే ఆర్డర్ పెడితే మూడు నాలుగు నెలల టైముంటుంది. ఏ ఇంటి వడ్రంగం పనీ అంతకన్నా ముందు పూర్తికాదు. డెలివరీ ఆలస్యమయ్యే ఇటాలియన్ దీపానికి చూపే ఓపిక జంపఖానాకూ చూపొచ్చు.

ఇందులో ఇంటివాళ్ల పాత్ర కూడా తక్కువేం కాదు. లాయర్‌కు ఫీజు ఇస్తాం, డాక్టర్‌కు ఇస్తాం. డిజైనర్ దగ్గరికి వచ్చేసరికి ‘చదరపు అడుగుకు ఎంత?’ అనే ప్రశ్న ఒక్కటే. గీసినదానికి, ఆలోచించినదానికి డబ్బేంటి అన్నట్టు చూస్తారు. అందుకే ‘డిజైన్ ఫ్రీ’ అని బోర్డులు వెలిశాయి. ఫ్రీగా పనిచేసేవాడి జీతం ఎక్కడి నుంచో రావాలి కదా, అది మీ ప్లైవుడ్ బిల్లులో ఉంటుంది. 2018 ఆగస్టులో దేశంలోనే మొదటి ఐకియా హైదరాబాద్‌లో తెరుచుకున్నప్పుడు జనం ఎగబడింది ఊరికే కాదు. ధర చీటీ మీద రాసి ఉంది, మధ్యలో ఎవరికెంత అన్న అనుమానం లేదు. మా వృత్తి మీద జనానికి నమ్మకం ఎంత తక్కువో ఆ క్యూ చెప్పింది. మేం వినలేదు. ఆర్కిటెక్టులకు 1972 చట్టం, కౌన్సిల్ రిజిస్ట్రేషన్, వృత్తి నియమావళి ఉన్నాయి. ఇంటీరియర్ డిజైనర్ అని విజిటింగ్ కార్డు వేసుకోవడానికి అలాంటి చట్టం ఏదీ అడ్డురాదు. ముందు రావాల్సింది ఆ చట్టం. అందులో మొదటి నిబంధన, షాపు నుంచి తీసుకునే ప్రతి రూపాయీ కస్టమర్‌కు రాతపూర్వకంగా చెప్పాలని.

చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. నేను కొటేషన్‌లో ఫీజు వేరుగా, సరుకు వేరుగా రాస్తున్నాను. షాపు బిల్లు కస్టమర్ పేరు మీదే, తగ్గింపు ఎంతిస్తే అంతా వాళ్లకే. ఫీజు అంకె చూసి మళ్లీ ఫోన్ చేయనివాళ్లున్నారు. ఒప్పుకున్నవాళ్ల ఇళ్లకు జంపఖానాలు కొత్తవాడ నుంచి వస్తున్నాయి, కర్టెన్ గుడ్డ కలంకారీ అద్దకాల ఊరు పెడన నుంచి. సహజ రంగుల అద్దకం పడమటి ఎండకు నిలవదు కాబట్టి ఆ కిటికీలకు వెనక దళసరి లైనింగ్ వేయిస్తాను, లేదా వాటిని ఉత్తరం వైపు గదులకే వాడతాను.