విషయం: సెలవులు, జీతభత్యాలు – తాజా సమాచారం – గురించి

జూలై 1న ఖాతాలో జమ కావలసిన సెలవుల గురించి ఆగస్టు మూడో వారంలో సర్క్యులర్ వచ్చిందని కొందరు విశ్వవిద్యాలయ ఉద్యోగులు మూతి ముడుస్తారు. ఇది అన్యాయం. గడువుకు ముందే వచ్చే కాగితాన్ని జనం చదువుతారు. చదివితే ప్రశ్నలు అడుగుతారు. అడిగితే సెక్షన్‌లో ఎవరో ఒకరు లేచి బీరువా తెరవాలి. గడువు దాటాక వచ్చే కాగితంతో ఈ తిప్పలేవీ లేవు. నోటీసు బోర్డు మీద గుండుసూదికి వేలాడుతూ, ఎండకు పసుపెక్కుతూ, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా రిటైరవుతుంది.

నల్లగొండలో 2007లో, పాలమూరులో 2008లో విశ్వవిద్యాలయాలు వచ్చినప్పుడు, ఇక చదువు కోసం హైదరాబాదు బస్సెక్కే బాధ తప్పిందని ఇక్కడివాళ్లు సంబరపడ్డారు. నిజంగానే తప్పింది. పిల్లలు ఇక్కడే చదువుకుంటున్నారు. వాళ్లకు పాఠం చెప్పేవాళ్లలో కొందరు, వాళ్ల ఫైళ్లలో చాలా మటుకు, ఎల్బీనగర్ నుంచో కాచిగూడ నుంచో అప్ అండ్ డౌన్ చేస్తుంటాయి. కింద రాసేదంతా ఏ యూనివర్సిటీ ముచ్చట అని మాత్రం అడగొద్దు. తెలంగాణ రాష్ట్రంలో ఏ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కినా, సిబ్బంది సెలవులు, జీతాల ఫైళ్లు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ ఎడమ పక్కనో కుడి పక్కనో ఉంటుంది, తేడా అంతే.

ముందు ఐశ్వర్యం లెక్క చూద్దాం. రెగ్యులర్ బోధనేతర ఉద్యోగికి ఏడాదికి క్యాజువల్ లీవులు 15, ఆప్షనల్ హాలిడేలు 5, ఆర్జిత సెలవులు జనవరి 1న 15, జూలై 1న మరో 15, ఇవి గాక సగం జీతపు సెలవులు 20. కూడితే 70 రోజులు. ఈ అంకె బత్తాయి తోట కాడ కాపలా పడుకున్న రైతుకు చెప్తే, తోట అమ్మేసి కొడుకుకు అటెండరు పోస్టు చూడమంటాడు. పాపం ఆయనకు షరతులు తెలియవు.

క్యాజువల్ లీవును ఆర్జిత సెలవుతో కలపకూడదు. ఆదివారాలతో, పండుగలతో కలపొచ్చు గానీ వరస మొత్తం 10 రోజులు దాటకూడదు. అందుకే సద్దుల బతుకమ్మ, దసరా, రెండో శనివారం ఒకదాని వెనుక ఒకటి వచ్చిన ఏడు, ఉద్యోగులు పంచాంగం చూసి ముహూర్తం పెట్టినంత శ్రద్ధగా వేళ్లు మడుస్తారు. 11వ రోజు దొర్లిందా, లెక్క తిరగరాసుకోవాల్సిందే. మూడు సార్లు ఆలస్యమైతే ఒక క్యాజువల్ లీవు కోత అనే పాత సూత్రం కూడా ఉండనే ఉంది. బస్సు చిట్యాల కాడ ఆగిపోతే సెలవు నల్లగొండలో పోతుంది. మిగిలిన క్యాజువల్ లీవులు డిసెంబరు 31 అర్ధరాత్రి మురిగిపోతాయి కాబట్టి ఆ ఆఖరి వారంలో ఆఫీసులో సంతకం కోసం వచ్చేవాళ్లకు ఫ్యాన్లు తిరగడం కనిపిస్తుంది, మనుషులు కనిపించరు. ఆ వారం పని పెట్టుకున్నవాడిదే తప్పు.

ఆర్జిత సెలవు వ్యవహారం వేరు. అది మురగదు, పేరుకుంటుంది. 300 రోజుల దాకా నిల్వ. ఆపైన చెరువు నిండి మత్తడి దుంకినట్టే, పోయిన నీళ్లు పోయినట్టే. జీతం నష్టపు సెలవు పెట్టినవాళ్లకు ఆ రోజుల్లో పదో వంతు తర్వాతి అర్ధ సంవత్సరపు జమలోంచి తగ్గిస్తారు. 40 రోజులు జీతం లేకుండా ఉన్నవాడికి 15 బదులు 11 జమ చేయాలి. చాలా సెక్షన్లలో ఈ తీసివేత తప్పకుండా జరుగుతుంది. కూడిక మాత్రం ఎవరైనా వచ్చి అడిగినప్పుడు జరుగుతుంది.

బోధనా సిబ్బందికి వెకేషన్ ఉంది కాబట్టి వాళ్ల లెక్క ఇంకా సున్నితం. యూజీసీ నిబంధనల ప్రకారం, వెకేషన్‌లో తప్పనిసరిగా పని చేయించిన కాలంలో మూడో వంతు ఆర్జిత సెలవుగా జమవుతుంది. మే నెలలో, రోళ్లు పగిలే ఎండలో, 30 రోజులు జవాబు పత్రాలు దిద్దితే 10 రోజులు. అయితే 'తప్పనిసరిగా' అన్న మాటకు కాగితం సాక్ష్యం కావాలి. "సార్, మీరు ఫోన్ చేసి రమ్మన్నారు కదా" అంటే చెల్లదు. డ్యూటీకి ముందే తేదీలతో రాతపూర్వక ఉత్తర్వు తీసుకోవాలి, అయ్యాక హాజరు సర్టిఫికెట్ తీసుకోవాలి, రెండూ జతచేసి ఇన్‌వార్డు నంబరు వేయించుకోవాలి. ఈ మూడూ చేసినవాళ్లకు ఆ 10 రోజులు దొరుకుతాయి. అందులో ఎంత భాగం ఈ మూడూ చేయించుకోవడానికి తిరిగిన రోజులకు సరిపోతుందన్నది గణిత విభాగం తేల్చాలి.

ఇక సరెండర్ లీవు. మన పరిపాలనా మేధస్సుకు శిఖరం ఇదే. ఏడాదికి 15 రోజులు గానీ, రెండేళ్లకు 30 రోజులు గానీ ఆర్జిత సెలవు వెనక్కి ఇచ్చేసి దానికి సరిపడా జీతం తీసుకోవచ్చు. దరఖాస్తు సెక్షన్‌కు వెళ్తుంది. జూనియర్ అసిస్టెంట్ సర్వీస్ రిజిస్టర్ తీసి నిల్వ చూసి నోట్ రాస్తాడు. సూపరింటెండెంట్ పుటప్ చేస్తాడు. అసిస్టెంట్ రిజిస్ట్రార్, డిప్యూటీ రిజిస్ట్రార్, రిజిస్ట్రార్ దాటి ప్రొసీడింగ్స్ వస్తాయి. అదే రోజు ఎర్ర సిరాతో సర్వీస్ రిజిస్టర్‌లో 15 రోజులు కొట్టేస్తారు. ఈ ఒక్క పని మాత్రం అదే రోజు జరుగుతుంది. బిల్లు ఫైనాన్స్‌కు, అక్కడి నుంచి ఆడిట్‌కు, అక్కడి నుంచి ప్రభుత్వం విడతలుగా ఇచ్చే బ్లాక్ గ్రాంట్ తర్వాతి విడతకు పోతుంది. అంటే సెలవు ఇవతల పోయింది, పైసలు అవతల రాలేదు. మధ్యలో ఆ 15 రోజులు ఎక్కడ ఉన్నట్టు? తత్వశాస్త్రంలో పీహెచ్‌డీకి మంచి అంశమే, ఖాళీ పోస్టుల మధ్య గైడు దొరికితే.

అడిగి చూడండి. "బిల్లు పోయింది సార్, ఇగ మా చేతుల లేదు" అంటారు. అబద్ధం కాదు. బిల్లు ఎప్పుడూ ఎవరి చేతుల్లోనూ ఉండదు.

కరువు భత్యం (డీఏ) దగ్గర గణితం ఇంకా రమ్యంగా ఉంటుంది. 2020 వేతన సవరణ తర్వాత, కేంద్రం 1 శాతం పెంచితే రాష్ట్రంలో 0.91 శాతం. కేంద్రం 4 ఇస్తే ఇక్కడ 3.64. 2022 జూలై 1 నుంచి రావలసిన 3.64 శాతానికి 2024 అక్టోబరులో ఉత్తర్వు వచ్చింది, 22.75 కాస్తా 26.39 అయింది. మధ్యలో గడిచిన 28 నెలల బకాయిని సీపీఎస్ (చందా కట్టే పెన్షన్ పథకం) ఉద్యోగులకు ఇలా చెల్లించమన్నారు: 10 శాతం ప్రాన్ అనే పెన్షన్ ఖాతాలో జమ, మిగతా 90 శాతం 2025 జనవరి జీతంతో మొదలుపెట్టి 17 సమాన వాయిదాల్లో. మూల వేతనం 50,000 ఉన్నవారిని తీసుకుంటే (ఇంక్రిమెంట్ల జోలికి పోకుండా), నెలకు 1,820, 28 నెలలకు 50,960. ప్రాన్‌కు 5,096 పోను 45,864. నెలకు సుమారు 2,698 రూపాయలు. ఆఖరి వాయిదా 2026 మే. 2022లో కొన్న కందిపప్పు ధర పెరిగిందని ప్రభుత్వం గుర్తించి, దాని పరిహారం పూర్తిగా చెల్లించేసరికి ఆ పప్పు తిన్న పిల్లవాడు పై తరగతులు మూడు దాటేశాడు. అదీ ప్రభుత్వ శాఖల్లో. విశ్వవిద్యాలయంలోనైతే ఆ ఉత్తర్వును మళ్లీ విడిగా వర్తింపజేసుకోవాలి, గ్రాంటులో డబ్బు చూసుకోవాలి.

నల్లగొండ పక్కన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో పొద్దంతా ఒక స్తంభం నీడ కదలకుండా నిలబడి ఉంటుంది. సూర్యుడు ఎటు తిరిగినా సరే. దాని వెనుక రహస్యమేమిటని దూరదూరాల నుంచి వచ్చి చూస్తారు. ఫైనాన్స్ సెక్షన్ టేబుల్ మీద బకాయి ఫైలును చూడటానికి మాత్రం టికెట్టు పెట్టినా ఎవరూ రారు.

సీపీఎస్ అన్నాం కాబట్టి ఒక మాట. 2004 సెప్టెంబరు 1న, ఆ తర్వాత చేరినవాళ్లకు మూల వేతనం, కరువు భత్యం కలిపి 10 శాతం కోత, అంతే మొత్తం యాజమాన్య వాటా. కోత జీతం బిల్లులోనే జరిగిపోతుంది, దానికి ఏ ఆలస్యమూ లేదు. ప్రాన్‌కు చేరిందో లేదో మాత్రం స్టేట్‌మెంట్ దించుకుని నెలవారీగా చూసుకోవాలి. ఒక నెల రెండు వాటాలూ, ఇంకో నెల ఒకటే, ఇంకో నెల ఏదీ లేకపోతే అక్కడికక్కడే రాసివ్వాలి. రిటైరయ్యాక చూసుకుందాంలే అనుకునేవాళ్లకు, ఆ మూలధనంలో కనీసం 40 శాతం నెలనెలా పెన్షన్ ఇచ్చే యాన్యుటీకి పోతుందని, మూలధనమే లోటైతే యాన్యుటీ కూడా లోటేనని ఎవరూ సర్క్యులర్ పంపరు.

సర్వీస్ రిజిస్టర్‌ను ఏడాదికోసారైనా చూడాలని నిబంధనలు చెప్తాయి. చూసినవాళ్లకు తెలుస్తుంది, పుట్టిన తేదీ దిద్దుబాటు ఒక చోట, ఇంటిపేరు రెండు రకాలు, 2016 నుంచి సెలవుల పేజీ ఖాళీ. ఖాళీ పేజీ ఉంటే సెలవులు వాడలేదని అర్థం కాదు, రాయలేదని అర్థం. రిటైర్మెంటుకు మూడు నెలల ముందు ఎవరో తవ్వి తీసి, మంజూరు ఉత్తర్వు కనిపించని ప్రతి గైర్హాజరునూ అనుమానంగా చూస్తారు. కాబట్టి ప్రతి మంజూరు కాగితం జిరాక్సు ఇంట్లో ఉండాలి, పొలం పాసుపుస్తకం పక్కనే.

వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంట్ గురించి తక్కువ చెప్పడమే మంచిది. డిశ్చార్జి అయిన 6 నెలల్లోపు బిల్లు పెట్టాలి. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఆ చికిత్స అవసరమేనన్న ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్, ఎమర్జెన్సీ సర్టిఫికెట్, ఇంతకుముందు తీసుకోలేదన్న ధ్రువీకరణ. గుండెపోటు వచ్చినవాడు అంబులెన్సులో పడుకునే ముందు డాక్టరును "అత్యవసరమని రాసిస్తారా" అని అడగడం మర్చిపోతే ఆబ్జెక్షన్ పడుతుంది. బతికి బయటపడటం నిబంధనల్లో ఎక్కడా రుజువుగా లేదు.

ఇంతవరకు చెప్పిందంతా రెగ్యులర్ వాళ్ల వైభోగం. అదే వరండాలో, అదే నల్లా నీళ్లు తాగుతూ కాంట్రాక్టు, పార్ట్‌టైం, అవుట్‌సోర్సింగ్ అని ఇంకో మూడు వర్ణాలు ఉన్నాయి. సర్క్యులర్ అందరికీ చేరుతుంది. వర్తించడం వేరే సంగతి. పీరియడ్ లెక్కన జీతం తీసుకునే పార్ట్‌టైం అధ్యాపకుడికి దసరా సెలవులంటే దసరాకు జీతం లేదని అర్థం. ఆయన పండుగ శుభాకాంక్షలు కూడా పీరియడ్ చొప్పున చెప్తే తప్పు పట్టలేం.

ఒక్క విషయంలో చట్టం కాంట్రాక్టు మహిళల పట్ల అమితమైన ప్రేమ చూపింది. రెగ్యులర్ ఉద్యోగినికి ప్రసూతి సెలవు 180 రోజులు. ప్రసూతి ప్రయోజన చట్టం (2025 నవంబరు నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్) ఇచ్చేది 26 వారాలు, అంటే 182. ముందు 12 నెలల్లో 80 రోజులు పని చేసి ఉంటే చాలు. రెండు రోజులు ఎక్కువ! ఆ రెండు రోజుల ఆనందం పూర్తవకముందే కాంట్రాక్టు గడువు ముగుస్తుంది, రెన్యూవల్ లిస్టులో పేరు ఉండదు. గడువు ముగిసినంత మాత్రాన ఈ ప్రయోజనం ఆగదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు కాపీ దరఖాస్తుకు జతచేయండి. చదవరు, కానీ బరువు చూస్తారు.

అవుట్‌సోర్సింగ్ వాళ్ల పేస్లిప్ ఒక చిన్న కావ్యం. 2021లో ప్రభుత్వం మూడు మెట్లు పెట్టింది: 15,600, 19,500, 22,750. కింది మెట్టు మీదున్నవాళ్లకు 15,000 పరిమితి మీద పీఎఫ్ 12 శాతం, 1,800, ఈఎస్ఐ 0.75 శాతం, 117. ఈ రెండు కోతలూ పోతే మిగిలేది 13,683. యాజమాన్యం పీఎఫ్ వాటా కూడా ఇందులోంచే కోస్తే అది కోత కాదు, దోపిడీ. పేస్లిప్ అడిగితేనే బయటపడుతుంది. పై మెట్టు 22,750 వాళ్లు ఈఎస్ఐ పరిమితి 21,000 దాటేశారు కాబట్టి వాళ్లకు ఆ ఆసుపత్రి లేదు. రెగ్యులర్ కారు కాబట్టి ఉద్యోగుల హెల్త్ స్కీమూ లేదు. జీతం పెరిగి జ్వరానికి అర్హత పోయినవాళ్లు వీళ్లు.

ఏజెన్సీ మారినప్పుడల్లా ఇంకో చమత్కారం. పాత ఏజెన్సీ పీఎఫ్ పోర్టల్‌లో 'వెళ్లిపోయిన తేదీ' వేయదు. అది లేకుండా పాత ఖాతా కొత్తదానికి బదిలీ కాదు. ఆధార్‌లో 'యాదయ్య', పీఎఫ్‌లో 'యాదగిరి' అని ఉంటే ఇంకా శుభం. యూఏఎన్ (ఏజెన్సీ మారినా మారని పీఎఫ్ నంబరు) ఒకటే ఉంచుకోవాలి, కొత్త ఏజెన్సీ రెండోది తెరవనీయకూడదు, పాతది వెళ్లేముందే తేదీ వేయించుకోవాలి. ఈఎస్ఐలో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టినదానికి జనవరి నుంచి జూన్ దాకా సిక్‌నెస్ బెనిఫిట్ దొరుకుతుంది, అదీ 78 రోజుల చందా ఉంటేనే. ఎండాకాలంలో టెండరు ఖరారు కాలేదని నాలుగు నెలలు కట్టకపోతే, సంక్రాంతికి మంచాన పడ్డవాడికి ఆ సంగతి తెలుస్తుంది.

సర్క్యులర్ చివర ఎప్పుడూ ఒక వాక్యం ఉంటుంది: 'దీనిని సిబ్బంది అందరికీ చూపి, సంతకాలు తీసుకుని, సాయంత్రంలోగా తిరిగి పంపవలెను.' ఆ కాగితాన్ని ప్యాడ్‌కు బిగించి, మూడు బ్లాకులు, రెండు హాస్టళ్లు, పరీక్షల విభాగం తిరిగి సంతకాలు పెట్టించుకొచ్చేది అవుట్‌సోర్సింగ్ అటెండరు. ఆర్జిత సెలవుల జమ చూసుకుని ఒకాయన సంతకం పెడతాడు, డీఏ పేరా చదివి ఒకామె నిట్టూర్చి పెడుతుంది. చివరికి కాగితం సెక్షన్‌కు తిరిగొస్తుంది. "అందరి సంతకాలు అయినయా?" అని సూపరింటెండెంట్ అడుగుతాడు. "అయినయి సార్" అంటాడు అటెండరు. లిస్టులో అతని పేరు లేదు కాబట్టి అది నిజమే.