పచ్చి కట్టెకు నిప్పు పెట్టిస్తున్నదెవరు?

అడవులు తరిగిపోతున్నాయన్న మాట రాగానే వేళ్లన్నీ బొగ్గుల బట్టీ వైపే చూపిస్తాయి. ఆ వెంటే నిషేధాలు, జప్తులు. బట్టీ లోపల ఏం జరుగుతుందో తెలియకుండా రాసిన నిబంధనలవి.

అప్పుడే నరికిన కట్టె బరువులో దాదాపు సగం నీరే. అంటే టన్నుకు 500 కిలోలు. నెలల తరబడి ఆరబెట్టి తేమను 20 శాతానికి దించితే కట్టె బరువు 625 కిలోలకు తగ్గుతుంది, అందులో మిగిలే నీరు 125 కిలోలు. తక్కిన 375 కిలోల నీటిని ఎండ, గాలి ఊరికే తీసుకుపోతాయి. ఆరబెట్టకపోతే ఆ నీటిని ఆవిరి చేయడానికి బట్టీలోని కట్టే కాలిపోవాలి. ఆరిన కట్టె, చేయి తిరిగిన మనిషి ఉంటే నాలుగైదు కిలోలకు కిలో బొగ్గు దిగుతుంది. పచ్చి కట్టెకు తొందర కూడా తోడైతే, ఆరిన బరువు లెక్కన చూసినా, అదే కిలోకు ఎనిమిది, పది కిలోలు పడతాయి. అంతే బొగ్గుకు రెట్టింపు అడవి!

ఈ పని తొందరకు లొంగేది కాదు. మధ్యలో పొగగూడు వదిలి, చుట్టూ దుంగలను ఒత్తుగా నిలబెట్టి, సందుల్లో చితుకులు కూరాలి. పైన ఆకూ గడ్డీ, ఆపైన మట్టి. ఆకు పొర పలచనైతే మట్టి రాలి బొగ్గులో కలుస్తుంది. పొగగూట్లో నిప్పులు పోసి, అంటుకున్నాక మూసేసి, అడుగున ఉన్న కన్నాలతో గాలిని అదుపు చేయాలి. ముందు దట్టమైన తెల్ల పొగ వస్తుంది, అది నీటి ఆవిరి. తర్వాత కళ్లు మండించే పసుపు పొగ, అందులో తారు ఉంటుంది. 270 డిగ్రీలు దాటాక కట్టె తన వేడితో తానే మాగుతుంది. పొగ పలచబడి నీలం తిరిగిందంటే ఆ వైపు కన్నం వెంటనే మూయాలి, ఇక కాలేది బొగ్గే. లోపలి కట్టె కుంచించుకునే కొద్దీ కప్పు కుంగి పగుళ్లిస్తుంది. రాత్రి ఒక్క పగులు కంటపడకపోతే తెల్లారేసరికి ఆ మూల అంతా బూడిద. చల్లారకముందే తెరిచినా గాలి తగిలి మళ్లీ రాజుకుంటుంది.

ఉక్కు రిటార్టుల్లో, అంటే కట్టెను మూసిపెట్టి బయటి నుంచి వేడి చేసే ఉక్కు పాత్రల్లో, దిగుబడి ఎక్కువ, పొగ తక్కువ అంటారు. నిజమే. కానీ కట్టెను వాటి దగ్గరికి మోయాలి. పైగా పచ్చి కట్టె రిటార్టులో వేసినా పచ్చిదే.

మరి ఆరేదాకా ఎందుకు ఆగరు? నరికిన కట్టె వచ్చే నెలకు తనదిగా ఉంటుందన్న భరోసా లేక. జప్తు భయంతో బతికే మనిషి ఇవాళే నరికి ఇవాళే పేరుస్తాడు, రాత్రంతా కాపలా కాసే ధైర్యమూ చేయడు. నిషేధం ఆపాలనుకున్న నష్టాన్ని నిషేధమే పెంచుతోంది. మోడు నుంచి మళ్లీ చిగురించే చెట్లను వంతులవారీగా 15, 20 ఏళ్లకోసారి కోసుకునే తోపులను ఈ పనివాళ్లకు రాతపూర్వక హక్కుతో అప్పగించాలి. అదీ ఒక కోతకు కాదు, కనీసం రెండు కోతల కాలానికి.